ఐదు డొమైన్లు, ఇద్దరు అడ్మిన్లు: మా యాక్టివ్ డైరెక్టరీని దారిలో పెట్టడం ఎక్కడ మొదలుపెట్టాలి?

పటాన్‌చెరు_సర్వర్‌రూమ్:

అందరికీ నమస్తే. పోస్టు కాస్త పొడుగు, ఓపిక చేసుకుని చదవండి.

హైదరాబాద్‌లో ఒక తయారీ కంపెనీలో సర్వర్ టీమ్‌లో చేస్తున్నాను. టీమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి, నేనూ, కిందటేడు చేరిన ఒక కుర్రాడూ. హెడ్డాఫీసు ఇక్కడే, ప్లాంట్లు పటాన్‌చెరు, జడ్చర్ల, నాయుడుపేట, పరవాడల్లో ఉన్నాయి, డిపోలు ఇంకో పదకొండు. యూజర్లు 2,600 దాకా ఉంటారు.

మా యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లు, కంప్యూటర్లు, వాళ్ల హక్కులు అన్నీ ఉండే మైక్రోసాఫ్ట్ చిట్టా) ఉమ్మడి కుటుంబం ఇల్లులా తయారైంది, ఎవరికి పెళ్లయితే వాళ్లకో గది కట్టుకుంటూ పోయారు. 2003లో ఒక్క డొమైన్‌తో (ఒకే అజమాయిషీ కింద ఉండే అకౌంట్లు, కంప్యూటర్ల గుంపు) మొదలైంది. తర్వాత ప్లాంటు పెట్టినప్పుడల్లా ఒక చైల్డ్ డొమైన్. ఆ పైన ఇంకో కంపెనీని కొన్నారు, వాళ్ల ఫారెస్ట్‌ని (అంటే డొమైన్ల కుటుంబం మొత్తాన్ని) అలాగే ఉంచేసి మధ్యలో ట్రస్ట్ (ఒకరి అకౌంట్లని ఇంకొకరు నమ్మే ఏర్పాటు) పెట్టి చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు లెక్క చూస్తే రెండు ఫారెస్టులు, ఐదు డొమైన్లు, 14 డొమైన్ కంట్రోలర్లు (డీసీలు, లాగిన్లు చూసే సర్వర్లు), 212 గ్రూప్ పాలసీలు (యూజర్లకీ మెషిన్లకీ ఇక్కణ్నుంచి పంపే సెట్టింగులు). డొమైన్ మొత్తం మీద అధికారం ఉండే డొమైన్ అడ్మిన్స్ గ్రూపులో 31 మంది. అందులో ఏడుగురు కంపెనీలోనే లేరు, ఒకాయనైతే ఈ లోకంలోనే లేరు, పాపం, అకౌంట్ మాత్రం ఎనేబుల్ అయ్యే ఉంది.

రోజూ జరిగేది ఇదీ. కొత్త మనిషి చేరితే హెచ్ఆర్ నుంచి ఎక్సెల్ వస్తుంది, అదీ చేరిన మూడో రోజుకి. కింద ఒక లైను ఉంటుంది, "ఫలానా ఆయనకి ఉన్న యాక్సెస్ అన్నీ ఇచ్చేయండి" అని. ఇచ్చేస్తాం. ఆ ఫలానా ఆయన పదిహేనేళ్లలో నాలుగు డిపార్ట్‌మెంట్లు తిరిగినవాడు, కాబట్టి నిన్న చేరిన ట్రైనీకి అకౌంట్స్ ఫోల్డర్ కూడా తెరుచుకుంటుంది. మానేసిన వాళ్ల సంగతి మాకెవరూ చెప్పరు, ఫేర్‌వెల్ కేకు ఫోటో వాట్సాప్‌లో వస్తే తెలుసుకుంటాం.

జడ్చర్లలో పొద్దున్నే లాగిన్ అవడానికి ఎనిమిది నిమిషాలు పడుతోంది, వాళ్లు కంప్యూటర్ ఆన్ చేసి టీ తాగడానికి వెళ్లిపోతున్నారు. పరవాడలో ఒకరిని గ్రూపులో చేరిస్తే సాయంత్రానికి గానీ పనిచేయదు. పాస్‌వర్డ్ రీసెట్ చేసినా అక్కడ ఒక్కోసారి గంటల తరబడి పాతదే అడుగుతోంది.

మా మేనేజర్ ఒక టూల్ డెమో చూసి వచ్చారు, అన్ని డొమైన్లూ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తాయట. దాని ఖరీదు మా ఇద్దరి ఏడాది జీతాల కన్నా ఎక్కువ. టూల్ కొనడమా, అన్నీ కలిపి ఒకే డొమైన్ చేయడమా, మొత్తం క్లౌడ్‌కి వెళ్లిపోవడమా? ఏది ముందు?

పాత_ఎన్‌టీ_మనిషి:

తమ్ముడూ, టూల్ ఇప్పుడే కొననివ్వకు. సామాన్ల గదికి గాజు తలుపు పెట్టినట్టుంటుంది, లోపలి చెత్త ఇంకా బాగా కనిపిస్తుంది, అంతే.

ఇన్ని డొమైన్లు ఎందుకొచ్చాయో తెలిస్తే ఏవి తీసెయ్యొచ్చో తెలుస్తుంది. విండోస్ ఎన్‌టీ 4 రోజుల్లో ఒక డొమైన్‌లో పట్టే అకౌంట్లకు పరిమితి ఉండేది, ఒక విభాగం వరకే అధికారం ఇచ్చే వీలు ఉండేది కాదు, అందుకని ఊరికో డొమైన్ కట్టేవాళ్లం. 2000లో యాక్టివ్ డైరెక్టరీ వచ్చి ఓయూలు (డొమైన్ లోపల ఫోల్డర్ల లాంటివి, ఒక్కోదాని మీద విడిగా అధికారం ఇవ్వొచ్చు) చేతికిచ్చినా ఆ అలవాటు మాకు పోలేదు. మీ ప్లాంట్ల డొమైన్లు ఆ అలవాటుకు పుట్టిన పిల్లలే. ప్లాంటుకో పాస్‌వర్డ్ పాలసీ కావాలంటే అప్పట్లో వేరే డొమైన్ పెట్టక తప్పేది కాదు, సర్వర్ 2008లో ఫైన్ గ్రెయిన్డ్ పాస్‌వర్డ్ పాలసీలు వచ్చాక ఆ అవసరమూ పోయింది. "వేరే డొమైన్ అయితే సేఫ్" అని ఎవరైనా అంటే నమ్మకు. సెక్యూరిటీకి హద్దు ఫారెస్టే, డొమైన్ కాదు. చైల్డ్ డొమైన్‌లో డొమైన్ అడ్మిన్ అయినవాడికి దారి తెలిస్తే ఫారెస్ట్ మొత్తం వాడి చేతిలోకే వస్తుంది.

కాబట్టి చివరికి చేరాల్సింది ఒక ఫారెస్ట్, ఒక డొమైన్, ప్లాంటుకో ఓయూ. రూట్ డొమైన్‌ని (ఫారెస్ట్‌లో మొట్టమొదటిదాన్ని) ఎలాగూ పీకలేం, మీ 2003 డొమైన్ అదే కాబట్టి పిల్ల డొమైన్లన్నీ దాంట్లోకే రావాలి. ఒకే ఫారెస్ట్ లోపల యూజర్‌ని మారిస్తే అకౌంట్ కాపీ అవదు, నిజంగానే అక్కణ్నుంచి ఇక్కడికి జరుగుతుంది, వెనక్కి పోవడం కష్టం. రెండో ఫారెస్ట్ నుంచి తెచ్చేటప్పుడైతే కాపీయే, పాతది అక్కడ అలాగే ఉంటుంది, కాస్త ధైర్యంగా చేయొచ్చు. రెండు చోట్లా సిడ్ హిస్టరీ (అకౌంట్ పాత గుర్తింపు నంబర్) వెంట రాకపోతే ఫైల్ సర్వర్ల మీద హక్కులన్నీ గల్లంతే. ఏడాది పని అనుకో. కానీ చెత్తతో సహా ఇల్లు మారకూడదు, ముందు ఊడవాలి.

జడ్చర్ల సంగతి. నా అనుమానం అక్కడి సబ్‌నెట్ (ఐపీ రేంజ్) ఏ సైట్‌కీ (డైరెక్టరీలో ఊరిని గుర్తుపట్టే పేరు) కలిపి లేదు. సైట్స్ అండ్ సర్వీసెస్‌లో సబ్‌నెట్ లేకపోతే ఆ కంప్యూటర్‌కి తను ఏ ఊళ్లో ఉందో తెలియదు, తన డొమైన్ డీసీల్లో ఏది పలికితే దాని దగ్గరికి పోతుంది, అది పరవాడలో పెట్టినది కూడా కావచ్చు. అక్కడ ఒక మెషిన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి లాగాన్‌సర్వర్ వేరియబుల్ చూడు. డీసీల మీద నెట్‌లాగాన్ లాగ్ ఫైల్‌లో "నో క్లయింట్ సైట్" అని లైన్లు కనిపిస్తే దొంగ దొరికినట్టే.

పరవాడవి రెండు వేరు వేరు జబ్బులు, కలిపి చూడకు. సైట్ల మధ్య రెప్లికేషన్ (డీసీలు మార్పుల్ని ఒకదానికొకటి పంపుకోవడం) ఎవరూ ముట్టుకోకపోతే 180 నిమిషాలకోసారి జరుగుతుంది. మధ్యలో ఇంకో సైట్ ఉంటే రెండింతలు. అందుకే గ్రూపు మార్పు సాయంత్రానికి చేరుతోంది. 15 నిమిషాల దాకా తగ్గించొచ్చు, డయలప్ రోజులు కావుగా, లైన్ బాగుంటే చేంజ్ నోటిఫికేషన్ (మార్పు జరగగానే కబురు పంపడం) ఆన్ చేసినా నష్టం లేదు. గ్రూపులో చేర్చాక యూజర్ లాగాఫ్ అయి మళ్లీ రావాలని కూడా చెప్పు, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారో చెప్పే టోకెన్ లాగిన్ అప్పుడే తయారవుతుంది. పాస్‌వర్డ్ మాత్రం రెప్లికేషన్ కోసం ఆగకూడదు. ఎక్కడ మార్చినా వెంటనే పీడీసీ ఎమ్యులేటర్‌కి (డొమైన్‌లో పాస్‌వర్డ్ మార్పులన్నీ ముందు చేరే డీసీ) చేరుతుంది, వేరే డీసీ దగ్గర పాస్‌వర్డ్ తప్పని తేలినా అది పీడీసీని ఒకసారి అడిగే కాదంటుంది. మీకు గంటలు పడుతోందంటే పరవాడ డీసీ నుంచి ఆ డొమైన్ పీడీసీకి దారి మూసుకుపోయి ఉండాలి. ఫైర్‌వాల్ వాళ్లని అడుగు. వాళ్లు ముందు కాదంటారు, మళ్లీ అడుగు.

తాళంచెవి:

పైనాయన చెప్పినవన్నీ సరే, కానీ 31 మంది డొమైన్ అడ్మిన్లు అని చదవగానే నాకు గుండె ఆగినంత పనైంది. మిగతావన్నీ పక్కన పెట్టి ఈ వారమే దాని మీద కూర్చోండి.

ఒక్కొక్కరినీ "మీకు ఇది ఎందుకు?" అని అడగండి. పదిమందిలో తొమ్మిది మందికి కావలసింది పాస్‌వర్డ్ రీసెట్, అన్‌లాక్, కంప్యూటర్‌ని డొమైన్‌లో చేర్చడం. ఓయూ మీద రైట్ క్లిక్ చేస్తే డెలిగేట్ కంట్రోల్ అని ఉంటుంది, అక్కడ జడ్చర్ల ఐటీ కుర్రాడికి జడ్చర్ల ఓయూ వరకే రీసెట్ హక్కు ఇవ్వండి. ఇచ్చేది మనిషికి కాదు, గ్రూపుకి ఇవ్వండి, కుర్రాడు మారితే మీరు మళ్లీ ఓయూ ముట్టుకోనక్కర్లేదు. అడ్మిన్‌గా మిగిలే నలుగురైదుగురికి వేరే అకౌంట్ ఉండాలి, దాంతో మెయిల్ చూడకూడదు, మామూలు డెస్క్‌టాప్‌లో లాగిన్ కాకూడదు.

ఒక తిరకాసు ఉంది, నేను ఒకరోజంతా తల పట్టుకున్నదే. గ్రూపులోంచి తీసేసినా ఆ అకౌంట్ మీద అడ్మిన్‌కౌంట్ అనే గుర్తు 1గా అలాగే ఉండిపోతుంది, పై ఓయూ నుంచి రావాల్సిన హక్కులు రావు, డెలిగేట్ చేసినా హెల్ప్‌డెస్క్ వాళ్లకి "యాక్సెస్ డినైడ్" వస్తుంది. ఆ గుర్తు చెరిపి, ఇన్హెరిటెన్స్ చేత్తో ఆన్ చేయాలి. ముందు గ్రూపులోంచి తీసి ఆ తర్వాతే చెయ్యండి, గ్రూపులో ఉండగా చేస్తే గంటకోసారి నడిచే ప్రాసెస్ వచ్చి మళ్లీ మొదటికి తెస్తుంది.

డెస్క్‌టాపులన్నిటికీ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటే కదూ? మీరు చెప్పకపోయినా తెలుసు, అందరిదీ అంతే. విండోస్ ల్యాప్స్ 2023 ఏప్రిల్ అప్‌డేట్ల నుంచి విండోస్‌లోనే వస్తోంది, పైసా ఖర్చు లేదు, ఒక్కో మెషిన్‌కి ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి అదే మారుస్తుంది.

ఇవన్నీ చాదస్తం అనుకునే మేనేజర్లకి నేను 2017లో మెర్స్క్ అనే షిప్పింగ్ కంపెనీకి జరిగింది చెబుతాను. నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ పడి ప్రపంచమంతా ఉన్న వాళ్ల డొమైన్ కంట్రోలర్లు దాదాపు 150, ఒక్కటీ మిగల్లేదనే అనుకున్నారు. అన్నీ ఒకదాన్నొకటి కాపీ చేసుకుంటాయి కదా అనే ధైర్యంతో డైరెక్టరీకి వేరే బ్యాకప్ లేదు. చివరికి ఘానాలో ఒక్క డీసీ బతికి దొరికింది, ఎందుకో తెలుసా, సరిగ్గా ఆ టైమ్‌కి అక్కడ కరెంటు పోయింది. మన దగ్గర కరెంటు పోతే తిట్టుకుంటాం. మీ 14 డీసీల్లో దేనికైనా ఆఫ్‌లైన్ బ్యాకప్ ఉందా? ఉంటే దాన్ని ఒక్కసారైనా రిస్టోర్ చేసి చూశారా?

క్లౌడ్‌బాబాయ్:

ఇంత తలనొప్పి ఎందుకు, అన్నీ ఎంట్రాకి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ) తోసేసి డీసీలు ఆపేయండి. ఈ రోజుల్లో కూడా ఓయూలేంటి.

పాత_ఎన్‌టీ_మనిషి:

బాబాయ్, ఆఫీసు ల్యాప్‌టాపులకి నువ్వు చెప్పింది కరెక్టే, ఈ పని తేలాక అటే పోవాలి కూడా. ప్లాంటులో ఎల్‌డాప్ (డైరెక్టరీతో మాట్లాడే పాత పద్ధతి) తప్ప ఇంకోటి తెలియని పాత సాఫ్ట్‌వేర్లు, మెషిన్ పక్కన పెట్టిన విండోస్ 7 పీసీలు ఉంటాయి, వాటిని ఎక్కడికి తోస్తావు? ఎంట్రాలో మన ఓయూలూ లేవు, గ్రూప్ పాలసీలూ లేవు, పేరు దగ్గరే గానీ వస్తువు వేరు. చెత్తంతా సింక్ చేస్తే రెండు చోట్ల చెత్త.

గాజువాక_కేబుల్:

నా బుద్ధి తక్కువ పని ఒకటి చెబుతాను, మీరు చేయకుండా ఉంటారని.

పాత కంపెనీలో, పేరెందుకులే, మా మేనేజర్ "పనికిరాని అకౌంట్లన్నీ తీసెయ్" అన్నాడు. నేను పవర్‌షెల్ స్క్రిప్టింగ్ కొత్తగా నేర్చుకున్న ఊపులో ఉన్నా. 90 రోజులుగా లాగిన్ కాని వాళ్లందరినీ వెతికి శుక్రవారం సాయంత్రం డిలీట్ కొట్టి ఇంటికి పోయా. శనివారం ఆరింటికి ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు గేటు దగ్గర నిలబడిపోయారు, పంచింగ్ మెషిన్ పనిచేయట్లేదు. మూడొందల మంది గేటు బయట, లోపల నైట్ షిఫ్ట్ వాళ్లు దిగలేక, సెక్యూరిటీ ఆఫీసర్ నా నంబర్ అందరికీ ఇచ్చేశాడు.

నేను చూసింది లాస్ట్‌లాగాన్ అనే యాట్రిబ్యూట్. అది డీసీల మధ్య రెప్లికేట్ కాదు, ఏ డీసీకి అదే రాసుకుంటుంది. నేను అడిగింది హెడ్డాఫీసు డీసీని, పంచింగ్ మెషిన్ సాఫ్ట్‌వేర్ వాడే సర్వీస్ అకౌంట్ లాగిన్ అయ్యేది ప్లాంటు డీసీ దగ్గర. హెడ్డాఫీసు లెక్కలో అది ఎన్నడూ లాగిన్ కాలేదు! చూడాల్సింది లాస్ట్‌లాగాన్‌టైమ్‌స్టాంప్, అది రెప్లికేట్ అవుతుంది, కాకపోతే 14 రోజుల దాకా వెనకబడి ఉంటుంది, ఆ తేడా వేసుకోవాలి.

డైరెక్టరీకి ఉండే రీసైకిల్ బిన్ అప్పటికి ఆన్ చేసి లేదు. ఫారెస్ట్ లెవెల్ 2008 ఆర్2 ఉంటే చాలు ఆన్ చేయొచ్చు, ఒకసారి చేశాక ఆఫ్ చేయలేం, చేయాల్సిన అవసరమూ రాదు. అది ఉంటే అకౌంట్ గ్రూపులతో సహా వెనక్కి వచ్చేది. లేదు కాబట్టి బ్యాకప్ నుంచి ఆథరిటేటివ్ రిస్టోర్ (బ్యాకప్‌లో ఉన్నదే సరైనదని మిగతా డీసీలకి చెప్పడం) చేశాం, ఆదివారం రాత్రి దాకా పట్టింది, మా ఆవిడ చెల్లెలి పెళ్లి ఆదివారమే. ఆ సంగతి ఇంట్లో ఇప్పటికీ ఎత్తుతారు.

ఇప్పుడు నేను చేసేది ఇది. ముందు డిసేబుల్, డిస్క్రిప్షన్‌లో తేదీ, కారణం రాసి వేరే ఓయూలోకి. నెల దాటాక కూడా ఎవరూ అరవకపోతే డిలీట్. అదీ మంగళవారం పొద్దున.

డల్లాస్_డీసీ:

అందరూ పాతవి ఊడవడం గురించే చెప్పారు, కొత్త చెత్త రాకుండా చూసేది చేరే రోజు దగ్గర. "ఫలానా ఆయనకి ఉన్నవన్నీ" అనే లైను ఆపకపోతే ఏడాదిలో మళ్లీ ఇక్కడికే వస్తారు.

మేము ఇక్కడ చేసింది చాలా చిన్న పని. హెచ్ఆర్ వాళ్ల సాఫ్ట్‌వేర్ నుంచి రోజూ రాత్రి ఒక సీఎస్‌వీ పడుతుంది, ఉద్యోగి నంబర్, డిపార్ట్‌మెంట్, ఊరు, హోదా, చివరి పని దినం. పవర్‌షెల్ స్క్రిప్ట్ దాన్ని చదివి కొత్తవాళ్లకి అకౌంట్ తీస్తుంది, బదిలీ అయితే పాత గ్రూపు తీసి కొత్తది ఇస్తుంది, చివరి రోజు దాటితే డిసేబుల్ చేస్తుంది. స్క్రిప్ట్ మూడొందల లైన్లు లేదు. రాయడం పది రోజులు, హోదాకి ఏ గ్రూపు అన్నది డిపార్ట్‌మెంట్ హెడ్ల చేత ఒప్పించడం నాలుగు నెలలు. ఒక జాగ్రత్త, ఫైలు ఖాళీగా వస్తే స్క్రిప్ట్ ఆగిపోవాలి, లేకపోతే అందరూ మానేశారనుకుని కంపెనీ మొత్తాన్ని డిసేబుల్ చేస్తుంది. మాకు జరగలేదు, కానీ టెస్ట్‌లో జరిగింది.

మనుషులు గ్లోబల్ గ్రూపులో (జడ్చర్ల క్వాలిటీ అని), ఫోల్డర్ హక్కు డొమైన్ లోకల్ గ్రూపులో (క్వాలిటీ రిపోర్ట్స్ చదవడం అని), మొదటిదాన్ని రెండోదాంట్లో వేయండి. ఫోల్డర్ మీద మనిషి పేరు నేరుగా ఎప్పుడూ పెట్టొద్దు. ప్రతి గ్రూపుకీ మేనేజ్డ్ బై గడిలో ఒక పేరు ఉండాలి, ఆ మనిషి ఒప్పుకుంటేనే చేర్చడం. ఆ గడి ఇరవై ఏళ్లుగా అక్కడే ఖాళీగా ఉంటుంది, ఎవరూ నింపరు.

గ్రూప్ పాలసీల సంగతి, 212 చూసి భయపడకండి, సగం ఎక్కడా లింక్ అయి ఉండవు. అన్నీ బ్యాకప్ తీసి మొదలుపెట్టండి. ఆలస్యం ఏ పాలసీదో తెలియాలంటే యూజర్ మెషిన్‌లో గ్రూప్ పాలసీ ఆపరేషనల్ లాగ్ తెరిచి 4016, 5016 ఈవెంట్లు చూడండి, ఏ ముక్క ఎప్పుడు మొదలై ఎంతసేపు తిన్నదో మిల్లీసెకన్లతో సహా రాసి ఉంటుంది.

పటాన్‌చెరు_సర్వర్‌రూమ్:

మూడు వారాలైంది, అప్‌డేట్ ఇస్తున్నా.

జడ్చర్లలో ఎన్‌టీ అన్న అనుమానమే నిజం. రెండేళ్ల కింద నెట్‌వర్క్ వాళ్లు స్విచ్‌లు మార్చినప్పుడు కొత్త ఐపీ రేంజ్ ఇచ్చారు, మాకు చెప్పలేదు. సగం మెషిన్లు పరవాడలో పెట్టిన డీసీ దగ్గర లాగిన్ అవుతున్నాయి, పక్కన ర్యాక్‌లో జడ్చర్ల డీసీ ఖాళీగా కూర్చుని ఉంది. సబ్‌నెట్ కలిపాక ఎనిమిది నిమిషాలు నాలుగైంది. మిగతా నాలుగు 5016లో దొరికాయి. ఒక ప్రింటర్ పాలసీ, 2016లోనే ఆపేసిన సర్వర్ మీద ఆరు ప్రింటర్లని పొద్దున్నే ఒక్కొక్కటిగా వెతుకుతోంది. పాలసీ పేరు "టెస్ట్ 2 డిలీట్ చేయొద్దు". భయపడుతూ లింక్ తీశాను. ఇప్పుడు యాభై సెకన్లు. టీ బ్రేక్ పోయిందని ఒకాయన ఫోన్ చేశాడు, నిజంగా.

పరవాడ ఫైర్‌వాల్ కూడా దొరికింది. మూడోసారి అడిగితే ఒప్పుకున్నారు.

61 పాలసీలు ఎక్కడా లింక్ లేవు, పక్కన పెట్టాను. డొమైన్ అడ్మిన్లు 31 నుంచి 6కి వచ్చారు. ఒక ప్లాంట్ హెడ్ గారికి కోపం వచ్చింది, "నా అడ్మిన్ తీసేశారట" అని. దేనికి వాడుతున్నారు సార్ అని అడిగితే వాడట్లేదు, ఉంటే మంచిది కదా అని. తాళంచెవి గారు చెప్పిన మెర్స్క్ కథ చెప్పాను, ఘానా దగ్గరికి వచ్చేసరికి చల్లబడ్డారు. బ్యాకప్ రిస్టోర్ చేసి చూశాం మేడమ్, మొదటిసారి రాలేదు, డీఎస్‌ఆర్‌ఎం (డీసీని రిస్టోర్ మోడ్‌లో తెరవడానికి వాడేది) పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. రెండోసారి వచ్చింది. టూల్ మాట మేనేజర్ ప్రస్తుతానికి ఎత్తట్లేదు.

ఒక్కటి మిగిలింది. నాయుడుపేటలో లారీ కాటా సాఫ్ట్‌వేర్ ఒక డొమైన్ అడ్మిన్ అకౌంట్‌తో నడుస్తోంది (ఆ ఆరో అడ్మిన్ అదే), పేరు ఎప్పుడో మానేసిన ఇంజనీర్‌ది, పాస్‌వర్డ్ పదకొండేళ్లుగా మారలేదు. మెషిన్ విండోస్ 7. దాన్ని జీఎంఎస్‌ఏకి (పాస్‌వర్డ్ దానంతటదే మారే సర్వీస్ అకౌంట్) మార్చొచ్చా?

పాత_ఎన్‌టీ_మనిషి:

విండోస్ 7లో జీఎంఎస్‌ఏ నడవదు తమ్ముడూ. మామూలు యూజర్ అకౌంట్ ఒకటి కొత్తగా తీసి, ముప్ఫై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి, లాగాన్ టు దగ్గర ఆ ఒక్క మెషిన్ పేరే రాయి. ఆ మెషిన్ మీద మాత్రం లోకల్ హక్కు ఏది కావాలో అదొక్కటే ఇవ్వు, సాఫ్ట్‌వేర్ వాళ్లు "అడ్మినే కావాలి" అంటారు, సాధారణంగా ఒక ఫోల్డర్‌లో రాసే హక్కు ఇస్తే సరిపోతుంది. పాత అకౌంట్ డిలీట్ చేయకు, గ్రూపులోంచి తీసి డిసేబుల్ చెయ్.

ముందు కాటా దగ్గర కూర్చునే మనిషికి ఫోన్ చేసి లారీలు ఏ టైమ్‌లో రావో అడుగు. మాకైతే ఆదివారం మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు.